మన్యములో ఉమ్మడి కొట్టు

శ్రీకాకుళము జిల్లాలో సముద్రతీరమున నౌపడ అను గ్రామము కలదు. అచ్చటి ఉప్పుమడులు చిరకాలమునుండి ప్రసిద్ధములు. నౌపడనుండి పర్లాకిమిడికి 1900 సంవత్సరమున చిన్న రైలుమార్గము ఏర్పడెను. దాని పొడవు సుమారు 40 కిలోమీటర్లు. ఆ రైలు దిగి కొండదారి పట్టినవారికి సవరల గూడెములు కనిపించును. అనగా ఉప్పు పండు నేలకును, ఉప్పునకై ఎదురుచూచు కొండకును నడుమ కొలది దినముల బండి ప్రయాణము మాత్రమే కలదు. అయినను మన్యమున ఉప్పు బహుకాలము అపురూప వస్తువుగనే ఉండెను. 1947లో ఉప్పుపన్ను రద్దయినది. బాటలు పడినవి. అప్పటికిని కొండవాని ఇంట ఉప్పుకుండ నిండుట సులభము కాలేదు. ఉప్పుబస్తాకును గూడెమునకును నడుమ ఒక తక్కెడ ఉండెను. ఆ తక్కెడ ఎవరి చేతిలో ఉండెనో, దానిని చేతులు మార్చుటకు ఏయే ప్రయత్నములు జరిగెనో, అవి ఎంతవరకు ఫలించెనో విచారించుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

నాగావళి, వంశధార నదుల పరీవాహమున తూర్పుకనుమలు వరుసలుగా నిలిచియున్నవి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురము, కురుపాము, సాలూరు, పాచిపెంట ప్రాంతములు ఈ కొండల ఒడిలోనివే. సవరలు, జాతాపులు, గదబలు మొదలగువారు ఇచ్చటి ప్రాచీన నివాసులు. పరిపాలకులు ఈ ప్రాంతమును పలుమార్లు విభజించిరి. 1950 ఆగస్టు 15న విశాఖపట్టణము జిల్లానుండి శ్రీకాకుళము వేరుపడెను. 1979 జూన్ 1న విజయనగరము జిల్లా ఏర్పడెను. 2022 ఏప్రిల్ 4న ఈ కొండప్రాంతములో అధికభాగము పార్వతీపురం మన్యం జిల్లాయందు చేరెను. జిల్లాల హద్దులు ఇట్లు మారినను కొండనుండి సంతకు దిగు కాలిబాటలు మాత్రము మారలేదు.

కొండవారు సోమరులని, సేద్యము నేర్వనివారని మైదానవాసులలో ఒక అపోహ కలదు. సవరలు ఏటవాలు కొండలపై రాతిగట్లు కట్టి, సెలయేటి నీటిని ఒక మడినుండి మరియొక మడికి దింపుచు వరి పండింతురు. ఆ నేర్పును చూచినవారు ఈ అపోహను విడువక తప్పదు. పోడు భూములలో చోళ్లు, సామలు, కొర్రలు, కందులు పండును. అడవినుండి చింతపండు, కుంకుడుకాయలు, కరక్కాయలు, అడ్డాకులు, కొండచీపుళ్లు, తేనె లభించును. ఇంటింట నాలుగు కోళ్లు ఉండును. ఇంత ఉన్నను కొండపై పుట్టని వస్తువులు కొన్ని కలవు. ఉప్పు, ఎండుచేప, గుడ్డ, ఇనుము, తరువాతి కాలమున కిరసనాయిలు ఇట్టివి. వీటికొరకు కొండ దిగక తప్పదు. మరియొక చిక్కు ఋతువులది. జ్యేష్ఠమునుండి భాద్రపదమువరకు పాతగింజ అయిపోవును, క్రొత్తగింజ చేతికి రాదు. ఆ మాసములలో మామిడిటెంకల పిండి అంబలియు, జీలుగుచెట్టు బోదెనుండి తీసిన పిండియు అనేక కుటుంబములకు ఆధారమయ్యెను. ఆకలి ఇట్లు ప్రతియేట నిర్ణీతకాలమున వచ్చుటచేత అప్పును అదే కాలమున వచ్చుచుండెను.

ఈ అవసరములను తీర్చిన స్థలము సంత. కొండకును మైదానమునకును నడుమ ఉన్న ఊళ్లలో వారమునకొక దినమున సంత కూడును. తెల్లవారకముందే స్త్రీలు తలపై గంపలతోను, పురుషులు భుజమున కావడులతోను బయలుదేరుదురు. గంపలో చింతపండు, కందులు, కొన్ని గ్రుడ్లు, కాళ్లు కట్టిన కోడిపుంజు ఉండును. ఆ గ్రుడ్లు ఇంట పిల్లలు తినుటకు ఉంచినవి కావు. ఉప్పుగా మారుటకు సంతకు వచ్చినవి. పెక్కుమారులు గంప సంతలోనికి చేరకముందే, ఊరి పొలిమేరయందే వర్తకుని మనిషి దానిని దింపించుకొనును. సరకునకు సరకు మార్పిడి గనుక ధర అనుమాట పైకి వచ్చునది కాదు. కొనునప్పుడు ఒక కుంచము, అమ్మునప్పుడు మరియొక కుంచము ఉండుట మన్యమున అందరును ఎరిగిన సంగతి. లెక్క వర్తకుని పుస్తకములో ఉండును. ఆ పుస్తకమును చదువగలవాడు వర్తకుడొక్కడే.

న్యాయముగా మాటలాడవలెనన్నచో వర్తకుని పక్షమునను ఒకమాట చెప్పవలెను. మలేరియా జ్వరమునకు వెరచి ఉద్యోగులు సయితము మన్యమున అడుగుపెట్టుటకు జంకిన కాలమున ఉప్పుబస్తాను కొండ ఎక్కించినవాడు అతడే. ఆషాఢమున ఆకలిగొన్నవానికి గింజలు కొలిచి ఇచ్చినవాడును అతడే. వేరెవ్వరును ఇచ్చువారు లేరు. కావుననే అతడు అడిగినంత వడ్డీ చెల్లినది. ఆషాఢమున పుచ్చుకొన్న గింజకు పంటకాలమున గింజన్నర, కొన్నిచోట్ల రెండు గింజలు కొలిచి ఇయ్యవలసివచ్చెను. అది తీరనప్పుడు పండబోవు కందిచేను, కాయబోవు చింతచెట్టు తాకట్టులోనికి పోయెను. తుదకు భూమియు, ఇంటిమనిషి శ్రమయు అప్పుక్రింద పోయెను.

ప్రభుత్వమునకు ఈ పరిస్థితి తెలియకపోలేదు. పర్లాకిమిడి ప్రాంతమున జరిగిన తిరుగుబాట్ల అనంతరము 1839 నాటి 24వ చట్టముచేత గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండప్రాంతములను సాధారణ న్యాయస్థానముల పరిధినుండి తొలగించి, గవర్నరు ఏజెంటు అధికారము క్రింద ఉంచిరి. ఏజెన్సీ అను పేరు మనకు ఆనాడు వచ్చినదే. 1917లో మద్రాసు శాసనసభ ఏజెన్సీ ప్రాంతముల వడ్డీ, భూబదిలీ చట్టమును చేసెను. కొండజాతులవారి భూమి అనుమతి లేకుండ ఇతరులకు పోరాదని, వడ్డీ సాలునకు నూటికి 24కు మించరాదని, చక్రవడ్డీ చెల్లదని, మొత్తము వడ్డీ అసలును మించరాదని ఆ చట్టము శాసించెను. 1940లో అప్పుక్రింద వెట్టిచేయించుటను నిషేధించుచు మరియొక నిబంధన వచ్చెను.

ఇవి మంచి చట్టములు. కాని వీటియందు ఒక లోటు కలదు. అధికవడ్డీ పుచ్చుకొనరాదని చట్టము చెప్పెనేగాని తక్కువ వడ్డీకి ఇచ్చువానిని చూపలేదు. దొంగకొలతను నిషేధించిన ప్రభుత్వము సరియైన కొలతతో ఉప్పు అమ్ము కొట్టును తెరువలేదు. ఆకలిగొన్నవానికి నిషేధము కూడు పెట్టదు. చట్టము పుస్తకములలో ఉండగా గిరిజనుడు మరల పాత వర్తకుని గడపయే ఎక్కెను. కొట్టు మారినగాని బ్రతుకు మారదను సత్యము అధికారులకు బోధపడుటకు మరికొంత కాలము పట్టినది.

ఇట్టి చిక్కునే ఇంగ్లండులోని కార్మికులు అంతకు చాల ముందుగనే ఎదుర్కొనిరి. రాచ్‌డేల్ పట్టణమున 28 మంది, వారిలో పెక్కురు నేతపనివారు, తలకొక పౌను చొప్పున కూడబెట్టి 1844 డిసెంబరు 21న ఒక చిన్న కొట్టు తెరచిరి. ఆనాడు అందు ఉన్న సరకులు వెన్న, పంచదార, గోధుమపిండి, ఓట్లపిండి, క్రొవ్వొత్తులు మాత్రమే. అప్పటి బజారులో కల్తీయును, తప్పుతూకమును, అరువుపద్దులును కార్మికుని పీడించుచుండెను. వీరు కల్తీలేని సరకు, సరితూకము, రొక్కపు బేరము, మనిషికొక ఓటు, కొన్నదానినిబట్టి లాభములో పాలు అను నియమములను పెట్టుకొనిరి. సహకారోద్యమమునకు ఇది మూలకందమైనది. మనదేశమున 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. ఆ సంవత్సరముననే మద్రాసులోని తిరువల్లిక్కేణిలో వినియోగదారుల సహకారసంఘము ఏర్పడెను. ఆనాడు మన ఉత్తరపు జిల్లాలును ఆ రాజధానిలోనివే. 1912 చట్టముతో పరపతి సంఘములేగాక ఇతర సహకార సంఘములకును మార్గము సుగమమయ్యెను.

పట్టణములలోను, పల్లపు గ్రామములలోను వ్యాపించిన ఈ ఉద్యమము కొండ ఎక్కుటకు జాగు జరిగినది. కారణములు స్పష్టములు. సహకార సంఘమునకు వాటాధనము కావలెను. కొండవానివద్ద రొక్కము లేదు. లెక్క వ్రాయువాడు కావలెను. గూడెమున బడి లేదు. రొక్కపు బేరము నియమమైనచో ఆషాఢమాసపు ఆకలికి అది మందు కాదు. అన్నిటికంటె ముఖ్యముగా, గిరిజనుని సరకు కొనువాడును, అతనికి సరకు అమ్మువాడును, అప్పిచ్చువాడును ఒక్కడే. ఈ మూడు పనులలో ఒక్కటి మాత్రము సంఘము చేపట్టినచో మిగిలిన రెంటిద్వారా వర్తకుడు తన పట్టు నిలుపుకొనును. మూడును ఒక్కచోట చేయగల సంస్థ కావలసియుండెను.

అట్టి సంస్థ 1956లో విశాఖపట్టణము కేంద్రముగా వెలసెను. ఆంధ్ర షెడ్యూల్డు తెగల సహకార ఆర్థికాభివృద్ధి సంస్థ అనునది దాని తొలిపేరు. నేడు దానిని గిరిజన సహకార సంస్థయని పిలుచుచున్నాము. అటవీ ఫలసాయమును, పంటను గిట్టుబాటు ధరకు కొనుట. నిత్యావసర వస్తువులను సరసమైన ధరకు అమ్ముట. సేద్యమునకు అప్పిచ్చుట అను మూడు పనులను అది చేపట్టెను. విశాఖపట్టణమున మాతృసంస్థ, దానిక్రింద మన్యములలో గిరిజనులు వాటాదారులుగా ప్రాథమిక సహకార విక్రయ సంఘములు, వాటిక్రింద గూడెములకు అందుబాటులో నిత్యావసర వస్తువుల కొట్లు, ఇది దాని నిర్మాణము. గిరిజనులు ఆ కొట్టును డిపో అని పిలిచిరి. ఆ పేరే నిలిచినది.

అదే కాలమున మరియొక మార్పు జరిగినది. 1956లో తూనికలు, కొలతల చట్టము వచ్చి దేశమంతట మెట్రిక్ పద్ధతికి దారితీసెను. 1957 ఏప్రిల్ 1నుండి నయాపైసలు చెలామణిలోనికి వచ్చెను. కుంచము, మానిక, వీశె స్థానమున లీటరు, కిలోగ్రాము ప్రవేశించెను. పట్టణవాసులకు ఇది లెక్కల తికమక. కొండవానికి మాత్రము దీని అర్థము వేరు. ఊరికొక కుంచము, మనిషికొక మానిక ఉన్నంతకాలము మోసమును నిరూపించుట సాధ్యము కాదు. ప్రభుత్వముద్రగల కిలో రాయి డిపోలోను, సంతలోను ఒక్కటే. రెండు తూకములను పోల్చిచూచు అవకాశము అతనికి తొలిసారిగా కలిగినది.

డిపో చేసిన మేలు తక్కువది కాదు. చింతపండును తెచ్చినవానికి అచ్చటనే ఒక ధర చెప్పుదురు. ఆ ధర వర్తకుని ధరకంటె మిక్కిలి హెచ్చు కాకపోయినను, అట్టి ధర ఒకటి ఉన్నదను ఎరుకయే సంతలోని ధరను కొంత పైకి లేపును. బియ్యము, ఉప్పు, పప్పు, పంచదార, కిరసనాయిలు, గుడ్డలు అచ్చట లభించును. వర్షాకాలమున గెడ్డలు పొంగి దారులు తెగును గనుక ఆ నెలలకు కావలసిన సరకును ముందుగనే కొండపై చేర్చియుంచుట ఈ పనిలో అతిముఖ్యము. తరువాతి కాలమున చౌకధరల దుకాణపు బాధ్యతయు ఈ డిపోలపైననే పడినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము పథకము వచ్చినప్పుడు మన్యమున దానిని అందించుటకు ఏర్పాటు సిద్ధముగనే ఉండెను.

అయినను సంస్థ పుట్టిన పదునొకండు సంవత్సరములకు ఈ కొండలే రగిలినవి. గిరిజన సంఘము పేర వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసము అను ఉపాధ్యాయులు గూడెములను కూడగట్టిరి. పోడు భూములపై హక్కు, పాలేర్లకు న్యాయమైన కూలి, అప్పులనుండి విముక్తి, అటవీ ఫలసాయమునకు సరియైన ధర, ఇవి వారి కోర్కెలు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు పోవుచున్న గిరిజనులపై లేవిడి వద్ద కాల్పులు జరిగి కోరన్న, మంగన్న అను ఇరువురు మరణించిరి. అటుపిమ్మట ఉద్యమము సాయుధపోరాటముగా మారెను. 1970 జూలైలో సత్యము, కైలాసము పోలీసు కాల్పులలో మరణించిరి. రెండుపక్షములను ఎందరో ప్రాణములు కోల్పోయిరి. ఆ పోరాటపు మార్గమును గూర్చి భిన్నాభిప్రాయములు కలవు. కాని ఆ కోర్కెల పట్టికను చదివినవారికి ఒక సంగతి తోచును. 1956లో డిపో ఏ మూడు పనులకొరకు తెరువబడెనో, వాటిలో రెండు, అనగా ధరయు అప్పును, 1967లోను గిరిజనుని ఫిర్యాదులుగనే నిలిచియున్నవి.

ఏల అట్లు జరిగినది? డిపోలు కొన్ని, గూడెములు అనేకము. డిపో రొక్కమునకు అమ్మును, వర్తకుడు అరువిచ్చును. డిపోకు వేళలు కలవు. వర్తకుని ఇంటి తలుపు అర్ధరాత్రి తట్టినను తెరచుకొనును. పెండ్లికి, చావునకు డిపో అప్పీయదు. వీటికి మించిన కారణము మరియొకటి. డిపో తాళముచెవి గూడెములో లేదు. వాటాదారుల పట్టికలో గిరిజనుని పేరు ఉన్నది. కాని మూలధనములో పెద్దభాగము ప్రభుత్వముది, యాజమాన్యము ఉద్యోగులది, ధర నిర్ణయము పట్టణములోని కార్యాలయముది. గిరిజనునికి అది సర్కారు కొట్టు. వర్తకుని కొట్టుకంటె మేలైనదే, కాని తనది కాదు.

అలజడి పిమ్మట ప్రభుత్వము చురుకుగా కదలెను. 1959 నాటి భూబదిలీ నిబంధనను 1970లో మరింత కఠినము చేసిరి. ఋణవిముక్తి ఏర్పాట్లు జరిగెను. దేశములో గిరిజనాభివృద్ధికి ఏర్పడిన తొలి ప్రయోగాత్మక సంస్థలలో ఒకటి శ్రీకాకుళమునకు లభించెను. 1979లో ఒక నిబంధనచేత షెడ్యూల్డు ప్రాంతములలో చిన్నతరహా అటవీ ఫలసాయమును కొను గుత్తహక్కు ప్రభుత్వ పక్షమున గిరిజన సహకార సంస్థకు దక్కినది. వర్తకుని తొలగించుటకు ఇది బలమైన ఆయుధము. కాని ఈ కత్తికి రెండువైపుల పదును కలదు. చట్టబద్ధముగ కొనువాడు ఒక్కడే అయినప్పుడు, ఆ ఒక్కడు సకాలమున రాకున్నను, ధర తగ్గించినను, రొక్కము ఆలస్యము చేసినను గిరిజనునకు వేరు దిక్కులేదు. వర్తకుని గుత్తాధిపత్యమును తొలగించుటకు సర్కారు గుత్తాధిపత్యము తెచ్చినచో, తక్కెడ మంచిదైనను, దానిని పట్టిన చేయి ఇతరులదే అగును.

కొట్టు పూర్తిగా వాడుకరులదే అయినచో ఎట్లుండునో చూచుటకు మరల విదేశములవైపు దృష్టి మరల్చవలెను. ఈమారు రాచ్‌డేల్ వంటి పారిశ్రామిక నగరము కాదు. మన మన్యము వలెనే దూరమై, దారి లేని ప్రదేశము. దక్షిణ అమెరికాలోని పరాగ్వే దేశమున చాకో అను విశాలమైన ముళ్లపొదల నేల కలదు. మెనొనైట్లు అను క్రైస్తవ శాఖవారు అచ్చటికి వలసపోయిరి. వీరు 16వ శతాబ్దమున హాలండు ప్రాంతమున వెలసిన మెన్నో సైమన్స్ అనుయాయులు. ఆయుధము పట్టమను వ్రతము కలవారు. ఆ శాఖకు చెందిన ప్రచారకులు 19వ శతాబ్దము చివరనుండి మన నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతములలోను పనిచేసియున్నారు గనుక తెలుగువారికి ఈ పేరు పూర్తిగా క్రొత్తది కాదు. 1921లో పరాగ్వే ప్రభుత్వము ఒక చట్టముచేత వారికి సైనికసేవనుండి మినహాయింపును, స్వంత బడులు నడుపుకొను హక్కును ఇచ్చెను. 1927లో కెనడానుండి వచ్చినవారు మెన్నో అను వలసను, 1930లో సోవియట్ రష్యానుండి పారిపోయి వచ్చినవారు ఫెర్న్‌హైమ్ అను వలసను నిర్మించిరి. వచ్చిన తొలినాళ్లలోనే జ్వరములచేత అనేకులు మరణించిరి.

నదీతీరపు రేవు వారికి బహుదూరము. అసున్సియోన్ నగరమునుండి బాట 1961లోగాని పూర్తికాలేదు. ఒంటరి రైతు ఆ దూరమున ఒక గంప గ్రుడ్లనైనను అమ్ముకొనలేడు. కావున వారు ఉమ్మడి కొట్టును పెట్టుకొనిరి. రైతు తన ప్రత్తిని, వేరుసెనగను, పాలను, గ్రుడ్లను సహకార సంఘమునకు తెచ్చును. దాని వెల అతని పేర జమ అగును. పిండి, పంచదార, గుడ్డ, పనిముట్లు అదే కొట్టులో తీసికొనును. వాటి వెల అతని పేర ఖర్చు వ్రాయుదురు. రొక్కము చేతులు మారకయే సంసారము సాగును. లెక్క వ్రాయువాడు పొరుగింటివాడే. సర్వసభ్య సమావేశమున ఆ లెక్కను అందరును ప్రశ్నింపవచ్చును. మిగులు ధనముతో బడి, ఆసుపత్రి, బాట నడిచెను. నేడు ఆ వలసల పాలసంఘములు పరాగ్వే దేశపు పాల వ్యాపారమున అగ్రస్థానములో ఉన్నవి.

ఇంతవరకు చూచినచో ఇది ఆదర్శమే. కాని కథయందు మరియొక పార్శ్వము కలదు. ఆ నేల వలసవారు వచ్చినప్పుడు నిర్జనము కాదు. ఎన్‌లెట్ మొదలగు ఆదిమజాతులు అచ్చట తరతరములుగా ఉన్నవారు. వారు వలసవారి పొలములలో కూలీలైరి. ఉమ్మడి కొట్టు ఎవరికి ఉమ్మడి అనగా, సభ్యుల పుస్తకములో పేరున్నవారికి మాత్రమే. ఆ నేలకు మొదటి వారసులైనవారి పేర్లు ఆ పుస్తకములో లేవు. ఆదిమజాతులకు వేరుగ భూములు, సంఘములు ఏర్పరచు ప్రయత్నములు తరువాతి దశాబ్దములలోగాని సాగలేదు.

ఈ రెండు చరిత్రలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో ఒక పాఠము తేటపడును. చాకోలో తాళముచెవి సభ్యులవద్దనే ఉండెను, కాని ఆదిమవాసి సభ్యుడు కాడు. మన మన్యమున ఆదిమవాసి సభ్యుడే, కాని తాళముచెవి అతనివద్ద లేదు. ఉమ్మడి కొట్టు అను పేరు సార్థకము కావలెనన్న రెండును కావలెను. పుస్తకములో పేరుండవలెను, ఆ పుస్తకమును విప్పి చదువు హక్కును, చదువగల శక్తియు ఉండవలెను. సరకు చౌక అగుట దాని ఫలము మాత్రమే. చౌకసరకును ఒక రాజు దయతో ఈయవచ్చును, మరియొక రాజు ఆపివేయవచ్చును. తమ తక్కెడను తామే పట్టుకొన్నవారినుండి దానిని లాగికొనుట అంత సులభము కాదు.

గడచిన మూడు దశాబ్దములలో ఈ దిశగా కొన్ని ద్వారములు తెరచుకొన్నవి. 1995లో ఆంధ్రప్రదేశమున పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము వచ్చెను. ప్రభుత్వ వాటాధనము లేకుండ, ప్రభుత్వపు పెత్తనము లేకుండ సభ్యులే సంఘమును నడుపుకొనవచ్చునని అది అంగీకరించెను. 1996లో పార్లమెంటు చేసిన షెడ్యూల్డు ప్రాంతముల పంచాయతీ చట్టము చిన్నతరహా అటవీ ఫలసాయముపై గ్రామసభకు యాజమాన్యము ఒసగెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము ఆ ఫలసాయమును సేకరించుట, అమ్ముకొనుట గిరిజనుని హక్కు అని స్పష్టముచేసెను. 1996-97లో కేంద్రప్రభుత్వము గ్రామ ధాన్యపు బ్యాంకుల పథకమును ఆరంభించెను. దాని పద్ధతి సులభము. పంటకాలమున ఇంటింట కొంత గింజ ఉమ్మడి గాదెలో పోయుదురు. ఆకలిమాసములలో అచ్చటనే అప్పుగా తీసికొని, పంట వచ్చిన పిదప స్వల్పమైన అదనముతో తిరిగి కొలుతురు. వర్తకుని గింజన్నర పద్ధతికి ఇది సరియైన సమాధానము. వడ్డీగా కొలిచిన గింజయు గాదెలోనే, తమ ఊరిలోనే ఉండిపోవును.

ఈ ద్వారములన్నియు తెరచియున్నను వాటిగుండ నడచువారు ఎందరు అనునది ముఖ్యము. గాదెను కాపాడుటకు, లెక్క చూచుటకు, సభను సకాలమున జరుపుటకు ఊరిలోనే మనుష్యులు కావలెను. 1956లో గూడెమున చదువరి లేడనుట ఒక సమాధానముగ చెల్లినది. నేడది చెల్లదు. సీతంపేట, పార్వతీపురము ప్రాంతముల గిరిజన పాఠశాలలలో చదివి, పట్టములు పుచ్చుకొన్న సవర, జాతాపు యువతీయువకులు అనేకులు కలరు. స్త్రీల పొదుపు సంఘములు లెక్కల పుస్తకమునకు అలవాటుపడినవి. తాళముచెవిని అప్పగించుటకు ఇక చేతులు లేవనుటకు వీలులేదు.

ఈ సందర్భమున ఒక చిన్న వస్తువును గూర్చి చెప్పవలెను. అది కోడిగ్రుడ్డు. పూర్వము గిరిజన స్త్రీ తన ఇంట పుట్టిన గ్రుడ్డును పిల్లలకు పెట్టక గంపలో పెట్టుకొని కొండ దిగెను, ఉప్పు తెచ్చుకొనెను. నేడు అంగన్‌వాడీలలోను, బడిలో మధ్యాహ్న భోజనమునను పిల్లలకు గ్రుడ్డు పెట్టుచున్నారు. ఇది గొప్ప మేలు. అయితే ఆ గ్రుడ్డు మైదానపు కోళ్లశాలలనుండి, గుత్తేదారు చేతిమీదుగా, బండ్లపై కొండ ఎక్కుచున్నది. కోళ్లు పెంచుట తరతరముల అలవాటైన గూడెములకు గ్రుడ్లు బయటినుండి వచ్చుచున్నవి. గూడెములోని స్త్రీల సంఘము కోళ్లను పెంచి, గ్రుడ్లను లెక్కించి, తమ ఊరి బడికి తామే అందించి, వెలను తమ పుస్తకమున జమకట్టుకొన్నచో ఆ గ్రుడ్డు పిల్లవానికి బలమును, తల్లికి ఆదాయమును, ఊరికి వ్యవహారజ్ఞానమును ఒక్కసారిగా ఇచ్చును. చాకో రైతులు గంపెడు గ్రుడ్లకు ఉమ్మడి కొట్టులో వెల కట్టుకొన్న పద్ధతి ఇంతకంటె వేరు కాదు.

నౌపడ ఉప్పు నేడు కొండ ఎక్కుటకు కష్టపడుట లేదు. బాటలు ఉన్నవి, వాహనములు ఉన్నవి, డిపోలు ఉన్నవి. ఆకలి తీర్చు పని చాలవరకు జరిగినది. దానికి గిరిజన సహకార సంస్థ చేసిన సేవను తక్కువచేసి చెప్పరాదు. మిగిలియున్న పని వేరు. 1844లో రాచ్‌డేల్ కార్మికులకు వెన్నయు, పిండియు పంచినవారు లేకపోలేదు. బజారునిండ కొట్లు ఉండెను. వారు కోరినది తమ సరకును తామే తూచుకొను కొట్టు. మన్యమున ఆ కోర్కె ఇంకను పూర్తిగా తీరవలసియున్నది. సీతంపేట సంతకు గంప దింపిన స్త్రీ తక్కెడ ముల్లును చూచి ఇది నా సంఘపు తక్కెడ, ఈ లెక్క నేను చదువగలను అని చెప్పగలిగిననాడు 1956లో ఆరంభించిన పని ముగిసినదని మనము నిశ్చయముగా చెప్పవచ్చును.